గడియ బండి

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు నా చేతిలో పడాలి. ఇది నేను పెట్టిన రూలు. ఒడిశాలో రాయగడ బజారులో ఉల్లిపాయలు, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం మాది. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టిన కొట్టు. బస్తాల మధ్య కూర్చుని బేరాలాడితేనే నాకు అన్నం దొరుకుతుంది గానీ, మనసు మాత్రం ఎప్పుడూ పెరట్లో రేకుల కింద పెట్టుకున్న స్పానర్ల మీదే ఉంటుంది. ఆదివారం కొట్టు కట్టేస్తే చాలు, లుంగీ ఎగ్గట్టి దేన్నో ఒకదాన్ని విప్పుతాను. విప్పినవన్నీ మళ్ళీ సరిగ్గా బిగుస్తాయని కాదు. మిగిలిపోయిన మరలు ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి.

నా భార్యకు నా రిపేర్ల మీద కాసింత కూడా నమ్మకం లేదు. ఆ సంగతి ఆమె ఏనాడూ దాచుకోలేదు. నేను బాగుచేసిన మిక్సీని కాళ్ళకు చెప్పులేసుకుని, చెక్కపీట ఎక్కి మరీ ఆన్ చేస్తుంది. నీళ్ళ మోటారు మీద చెయ్యి వేశానంటే నా ఎదురుగానే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, "తమ్ముడూ, ఈయన ఇప్పకముందే రా బాబూ" అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ విషయం మీద మేం పోట్లాడుకోని ఆదివారం లేదు.

నా తరఫున మాట్లాడేది మా అమ్మాయి ఒక్కర్తే. చిన్నప్పుడు స్కూలు లేని రోజున టార్చిలైటు పట్టుకుని నా పక్కన గొంతుక్కూర్చునేది. ఏ స్పానరు అడిగితే ఆ స్పానరు తడుముకోకుండా అందించేది. తల్లి ఏదైనా అనబోతే, "నాన్న సేసేడంటే ఇంక దానికి తిరుగులేదమ్మా" అనేది. చదువైపోయి, తెరుబలి ఫ్యాక్టరీలో ఆఫీసు ఉద్యోగం వచ్చాక కూడా ఆ మాట మారలేదు. ఒకసారి స్నేహితురాలితో ఫోనులో, "మా బండికి మెకానిక్ ఏటే, మా నాన్నే" అంటుంటే నేను గోడకి ఇవతల నుంచి విన్నాను. ఆ రోజంతా కొట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు, అంత సంతోషంగా ఉంది.

ఆ బండి అమ్మాయి సొంత జీతంతో కొనుక్కున్న పాత స్కూటర్. సీటు తాళం పోతే నేను స్నానాల గది తలుపుకి వేసే గడియ బిగించాను. ముందు ప్లాస్టిక్ పగిలితే రాగితీగతో కుట్టాను. అద్దం ఊగుతుంటే కాడకి సైకిల్ ట్యూబు చుట్టాను. వీధిలోవాళ్ళు నవ్వేవారు. అమ్మాయి మాత్రం, గడియ వేసుకోవడం తాళంకన్నా సుఖంగా ఉందనేది.

బ్రేకుల కథ వేరు. వెనక చక్రంలో బ్రేకు షూలు అరిగిపోయి పట్టు తప్పినప్పుడు కొత్తవి కొనకుండా, పౌడరు డబ్బా రేకు కత్తిరించి, షూకీ దాన్ని తోసే కడ్డీకీ మధ్యలో పెట్టాను. అరిగిన మేరకు ఆ రేకు పూడ్చేస్తుంది. ఆ కిటుకు ఎవరూ చెప్పలేదు, నా బుర్రలోంచే వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఆ బ్రేకులకి వంక లేదు. వేస్తే చాలు, బండి కట్టేసినట్టు ఆగేది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ రేకు సంగతి చెప్పాను. విన్నవాళ్ళు బేరం తొందరగా ముగించుకుని వెళ్ళిపోయేవారు.

అలాంటి రోజుల్లోనే విశ్వకర్మ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు ఫ్యాక్టరీల్లో, గ్యారేజీల్లో ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. అన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పేరుస్తారు. మైకులో పాటలు, వచ్చినవాళ్ళకి ప్రసాదం. అమ్మాయి పట్టుచీర కట్టుకుని తోటివాళ్ళతో కలిసి ఫ్యాక్టరీ పూజకి బస్సులో వెళ్ళింది. బండి ఇంట్లోనే ఉంది. బ్రేకు వైరు కొంచెం పాతబడింది, అమ్మాయి వచ్చేలోగా మార్చేద్దామనుకుని ఆ బండే వేసుకుని స్పేర్ పార్టుల షాపుకి బయల్దేరాను. పూజనాడు ఆ షాపు కూడా మూసి ఉంటుందన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు.

షాపు మా బజారుకి దూరం, ఊరి అవతలి చివర. పక్కనే ఒక గ్యారేజీ. నేను ఏ గ్యారేజీ గడపా తొక్కనని మా బజారంతటికీ తెలుసు. వెనక్కి తిరగబోతుంటే కొత్త చొక్కా వేసుకుని, నుదుట కుంకంతో ఆ గ్యారేజీ ఓనరు ఎదురొచ్చాడు. ఒడియా మనిషి, మా తెలుగూ వచ్చు.

"ఆసొంతు, రండి మౌసా, ప్రసాదం తినెల్లండి" అన్నాడు, వాళ్ళ భాషలో బాబాయి అని పిలుస్తూ. పండగనాడు పిలిచినవాణ్ణి కాదనలేక బండికి స్టాండు వేశాను. అతను నన్ను చూడలేదు. బండిని చూస్తున్నాడు.

"ఇది దిది బండి కదా, ఫ్యాక్టరీ అక్కది. గడియ బండి. అమ్మేసిందా మీకు?"

నేను అవుననలేదు, కాదనలేదు. అతను నేను కొనుక్కున్నాననే అనుకున్నాడు. నాకు ఆకు దొన్నెలో బూందీ, కిచిడీ పెట్టించి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని బండి చరిత్ర మొదలుపెట్టాడు. భయపడక్కర్లేదట. పైకి అలా ఉంది గానీ లోపల బంగారంలా ఉందట. చాన్నాళ్ళుగా తనే చూస్తున్నాడట.

"మరి ఈ తీగలూ ఇవన్నీ ఏటి?" అని అడిగాను.

అతను పకపకా నవ్వాడు. "దిది ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నాడు మౌసా. ఆయన చెయ్యి పెడితే మర్నాడే దిది మా దగ్గరికి తెస్తది. పైన ఏదీ కదపకు, లోపల మాత్రం సరిగ్గా చెయ్యి అంటది. మొదటిసారి తెచ్చినప్పుడు బ్రేకు తీస్తే లోపల పౌడరు డబ్బా రేకు. నవ్వలేక చచ్చాం. కొత్త షూలు వేశాం. దిది ఏమందో తెలుసా, కొత్తవని కనిపించకూడదు, డ్రమ్ము మీద కొంచెం మట్టి రాసెయ్ అంది. రాశాం."

ఆ కిచిడీ నేను చివరిదాకా తిన్నాను. వదిలేసి లేస్తే అనుమానం వస్తుందని తిన్నాను. రుచి తెలియలేదు. నవ్వినందుకు అతని మీద నాకు కోపం లేదు, అతనికి నేనెవరో తెలియదు. మట్టి రాయమన్నదే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎంత ముందుచూపు. నేను చక్రం విప్పినా గుర్తుపట్టకూడదని మట్టి రాయించింది. పైగా నన్ను నాన్న అని కూడా చెప్పలేదు. ఇంట్లో ఒక పెద్దాయన.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాను. తిడుతుందనో, నవ్వుతుందనో అనుకున్నాను. ఆమె కూర తరగడం ఆపకుండా, "నాకు తెల్సు" అంది.

"తెల్సీ నాకెందుకు సెప్పలేదు?"

"అది సెప్పొద్దంది. మరేటి సెయ్యమంటారు? ఆ రోడ్డు మీద లారీలు ఎలాగెల్తాయో మీరు సూడలేదేటి. దాని పేణం మీ ఆదివారం ఆటకి ఇచ్చీమంటారా?"

ఆమె అన్నది తప్పు కాదు. అయినా కోపం తగ్గలేదు. ఇన్నాళ్ళూ నన్ను ఎదురుగా వెక్కిరించినామె వెనకాల కూడా అదే మాట అంది. వెనకేసుకొచ్చిన కూతురు మాత్రం నా వెనక ఇంకోలా ఉంది. మోసం ఎక్కడుందో అప్పుడు బాగా తెలిసింది.

సాయంత్రం అమ్మాయి ఫ్యాక్టరీ ప్రసాదం పొట్లంతో వచ్చింది. నేను అరుగు మీదే ఉన్నాను. "నేనూ తిన్నాను అమ్మీ, విశ్వకర్మ ప్రసాదం. మీ గ్యారేజీలో" అన్నాను.

అది పొట్లం అరుగు మీద పెట్టింది. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని నా పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఆ రేకు పెట్టిన వారంలోనే నాన్నా. తెరుబలి ముందర దిగుడు ఉంది కదా, అక్కడ రేకు జారిపోయింది. బ్రేకు పట్టలేదు. ముందు లారీ. పక్కన గడ్డిలోకి దించేసేను. కాళ్ళు రాసుకుపోయేయి. సెప్పులు అరిగిపోయేయి."

ఆ వారం అది కుంటుతూ వస్తే, ఆఫీసు మెట్ల మీద జారానంది. పసుపు రాసింది నేనే.

"అప్పుడే నాతో సెప్పాల కదే."

"సెప్తే నువ్వు మళ్ళీ ఇప్పేస్తావు నాన్నా" అంది. వెక్కిరింపుగా అనలేదు. చాలా నెమ్మదిగా అంది.

అది నా చెయ్యి పట్టుకుంది. "నాకు సిన్నప్పుడు బోల్టులు బిగించమని ఇచ్చేవోడివి గుర్తుందా? నేను పడుకున్నాక నువ్వు మళ్ళీ బిగించేవోడివి. నాకు తెల్సు. నేనెప్పుడూ ఏటీ అనుకోలేదు. ఇదీ అలాంటిదే అనుకో."

ఓదార్చడానికే అంది, నాకు తెలుసు. కానీ అన్నిటికన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. అవును, బిగించేవాణ్ణి. చిన్న చేతులు, బలం చాలదు. కానీ మర్నాడు మళ్ళీ దాని చేతికే స్పానరు ఇచ్చేవాణ్ణి. ఏదో ఒక రోజు సరిగ్గా బిగిస్తుందని ఇచ్చేవాణ్ణి, బిగించింది కూడా. నా విషయంలో అలా ఎదురుచూసినవాళ్ళు ఎవరూ లేరు. ఈయనకి ఇక రాదని తేల్చేసి, నా పనికి మెచ్చుకోలు నాకిచ్చి, బండి తీసుకెళ్ళి ఇంకొకరికిచ్చింది. అది వేరమ్మీ, ఇది వేరు అనాలనుకున్నాను. అంటే ఏడుస్తుందని అనలేదు. నేనూ ఏడుస్తానేమోనని కూడా అనలేదు.

తర్వాతి ఆదివారం నేను రేకుల కిందికి వెళ్ళలేదు. వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి బండిని తోసుకుంటూ వచ్చి నా ముందు స్టాండు వేసింది.

"నాన్నా, ఎనక బ్రేకు లూజైపోయింది. ఒకసారి సూడవా?"

"గ్యారేజీకి తీసుకెల్లు" అన్నాను పేపరులోంచి తల ఎత్తకుండా.

అన్నాను గానీ, ఆగి చూస్తున్నాను. కాదు నువ్వే చెయ్యాలి అని ఇంకొక్క మాట అంటే చాలు, లేచేవాణ్ణి. మారాం చెయ్యకపోయినా సరే, కాసేపు అక్కడే నిలబడినా లేచేవాణ్ణి. అది, "సరే నాన్నా" అంది. ఆ మాటలో బాధ ఉందేమోనని వెతికాను. ఎప్పటినుంచో మోస్తున్న బరువు దింపుకున్న మనిషి గొంతులా ఉంది.

బండి స్టార్టు చేసుకుని వీధిలోకి వెళ్ళింది. నేను పేపరు దించి చూశాను. మలుపు దగ్గర ఒక ఆవు అడ్డం వచ్చింది. అమ్మాయి వెనక బ్రేకు వేసింది. లూజైపోయిందన్న ఆ బ్రేకు గట్టిగా పట్టింది, బండి ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయింది.