ఒక్క గ్లాసులో కలిపిన పొడి

నా కూతురూ అల్లుడూ ధర్మవరంలో మగ్గం నేస్తారు. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఇద్దరికీ మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసే తీరిక ఉండదు. అందుకని రెండేళ్ల మనవరాలిని తెచ్చి, పెనుకొండ దగ్గర మా ఊళ్లో నా దగ్గర వదిలిపెట్టారు. మొగుడు పోయినప్పటి నుంచి నేను ఒక్కదాన్నే పట్టుపురుగులు మేపుకుని బతుకుతున్నాను.

“పది దినాలు చూసుకోమ్మా” అంది కూతురు.

పురుగులను వేలకు వేలు సాకేదాన్ని, ఒక్క పిల్లను సాకలేనా అనుకున్నాను. ఆ పొగరే నన్ను తన్నింది.

నాలుగో రోజు పొద్దున పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రోజే పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు చేర్చాలి. పిల్లను చంకనేసుకుని పోయాను. గూళ్లు వేసి, అక్కడ అందరూ పొగిడే ఒక డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఆయన చెయ్యి మంచిదని జనం గుమ్మం దాకా నిలబడి ఉన్నారు. మంచిదే మరి, ఆ చెయ్యి ఒక్క నిమిషం ఊరికే ఉండదు.

“ఏమవ్వా, ఎన్ని తూర్లు పోతాండాది?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే సూది వేసేశాడు. నాలుగు సీసాలు రాసిచ్చాడు. అందులో ఒకటి విరేచనాలను కట్టేసే మందు. నిజంగానే కట్టేసింది. తెల్లారేసరికి పిల్ల కడుపు తప్పెటలాగా బిగిసి ఉంది, వాంతులు మాత్రం ఆగలేదు.

పెనుకొండలో నాలుగు మంచాల చిన్నపిల్లల ఆసుపత్రికి ఎత్తుకుపోయాను. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ. కోస్తా వైపు పిల్ల, నన్ను అమ్మమ్మా అని పిలిచింది. నా సీసాలు ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసింది.

“ఇది అనవసరం. ఇదీ అనవసరం. ఇది అసలు ఇంత చిన్నపిల్లలకు ఇవ్వనే కూడదు” అంటూ నాలుగింటినీ చెత్తబుట్టలో వేసింది. “వీటితో మేలు జరుగుతుందని రుజువు లేదు అమ్మమ్మా. దీనికి ఉంది” అని పొడి ప్యాకెట్లు, చిన్న మాత్రలు చేతిలో పెట్టింది. ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి చెంచా చెంచాగా పట్టాలని చెప్పింది. చెప్పింది నాకే, చూపు మాత్రం కంప్యూటరు మీద ఉంది.

“సూది ఎయ్యవా?”

“అవసరం లేదు.”

“ఉప్పూ చక్కెరా నీళ్లలో కలిపేదానికి ఇంత చదువు చదవల్లా తల్లీ?”

“ఈ ఉప్పూ చక్కెరే ఎంతమంది పిల్లల్ని బతికించిందో మీకు తెలీదు.”

“వాళ్లంతా నాకేమైతారు? ఈ పిల్ల సంగతి చెప్పు.”

ఆమె నవ్వి తర్వాతి పిల్లను పిలిచింది.

ఇంటికొచ్చి నా తెలివి నేను చూపించాను. పురుగులు మేపేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. వానలో తడిసిన ఆకు వేస్తే పురుగు కడుపు చెడి, మెత్తబడి, నల్లబడి చస్తుంది. ఆకును గోనెపట్టల మీద ఆరబెట్టి, తడి లేదని చేత్తో చూసుకుని గానీ నేను తట్టలో వేయను. నీళ్లు పడితేనే కడుపు చెడుతుందని నా చేతులకు తెలుసు. ఆ కట్టేసే మందు ఆపేసరికి పిల్లకు మళ్లీ కింద నీళ్లలాగే పోతోంది, ఈ చదువుకున్నామె పైనుంచి ఇంకో లీటరు పొయ్యమంటుంది! గుప్పెడు కడుపులోకి లీటరు ఎట్లా పడుతుంది? మందు మొత్తం పోవాలి, నీళ్లు తక్కువ పోవాలి. ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపాను. డాక్టరమ్మ కంటే నేనే మేలని లోపల మురిసిపోయాను కూడా.

పిల్ల మొదట మొహం చిట్లించింది, తర్వాత ఆబగా తాగింది. తాగినకొద్దీ “అవ్వా, నీల్లు, నీల్లు” అని ఏడ్చింది. చెంబు వైపు చాచిన చేతిని వెనక్కి తోశాను. మరుసటి రోజుకు ఏడవడం మానేసింది. తగ్గుతోంది అనుకున్నాను. చూస్తే కళ్లు తేలేసింది, వేళ్లు అదురుతున్నాయి.

ఆటోలో వేసుకుని పెనుకొండకు పరుగెత్తాను. డాక్టరమ్మ పిల్లను తాకి, “ఎలా కలిపారు?” అంది.

“నువ్వు చెప్పినట్లే.”

“కలిపి చూపించండి.”

గ్లాసు అడిగి, నీళ్లు పోసి, ప్యాకెట్టు మొత్తం గుమ్మరించాను. ఆమె మొహంలో నెత్తురు లేదు. రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో ఉప్పు బాగా పెరిగిపోయిందని, ప్రాణానికి ముప్పేనని చెప్పింది.

“ఎవరైనా ఇలా కలుపుతారా?”

“మా మాదిరి వాళ్లు ఇట్లా కలుపుతారని నీ రుజువులో రాయలేదా? యాడ చదివినావమ్మా?” అని తడి ఆకు సంగతి అరిచి చెప్పాను. తప్పు చేసినదాన్ని, అరవక ఇంకేం చేస్తాను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పిల్ల మణికట్టు పట్టుకునే నేను చెప్పిందంతా విన్నది. “పురుగుకు అది నిజమే కావచ్చు. పిల్ల పురుగు కాదు కదా అమ్మమ్మా.”

“ఆ మాట నిన్ననే చెప్పింటే?”

“మీరు అడగలేదు.”

“నువ్వు అడిగినావా?”

ఆమె గ్లుకోజు పెట్టింది, బొట్టు బొట్టుగా. హిందూపురం ఆయనైతే ఈపాటికి సీసా ఖాళీ చేసేవాడని సతాయించాను. ఉప్పు ఒక్కసారిగా దిగితే మెదడు వాస్తుందని, నెమ్మదిగానే దించాలని చెప్పింది. ఆ నెమ్మదితనమే పిల్లను బతికించింది. సూదికీ సీసాలకూ ఎగబడే జనంలో నేనూ ఒకదాన్నని నా మీద నాకే అసహ్యం వేసింది.

కబురు అందుకుని మధ్యాహ్నానికి కూతురు ధర్మవరం నుంచి వచ్చి పడింది. “ఏం చేసినావమ్మా నా బిడ్డను?”

డాక్టరమ్మ అడ్డం వచ్చింది. “నా ఎదురుగా కలిపించి పంపాల్సింది. తప్పు నాది.”

“నా తప్పులో నువ్వేంటికి వాటాకొస్తావు? నేనే కలిపినా. నీళ్లు అడిగితే చెయ్యి తోసినా.” కూతురి మొహం చూస్తూనే చెప్పాను.

రెండో రోజు పిల్ల కళ్లు తెరిచి, నా కోసం చెయ్యి చాచింది. డాక్టరమ్మ నా చేత లీటరు కొలిపించి పొడి కలిపించింది. చెంచా ముంచాను. కూతురు నా మణికట్టు పట్టుకుంది.

“నువ్వొద్దులేమ్మా.”

చెంచా ఇచ్చేశాను. ఎవరి చేతిలో ఉంటే ఏం, పిల్ల తాగింది.