రూతమ్మత్త అడిగిన మాట

ఈ పొద్దున ఉధ్నాలో ఆటో కోసం నిలబడితే, పక్కన ఒక ముసలమ్మ ఇంకొకామెను "సమాధానమేనా అక్కా?" అని పలకరించింది. నేను గిరుక్కున తిరిగి చూశాను.

మనవాళ్లు మగ్గాల పనికి వలస వచ్చి చేరిన లింబాయత్ గల్లీల్లో నాతో పెరిగిన దోస్తులారా, నల్లా దగ్గర బిందెల వరుస, పొద్దంతా మోగే మగ్గాల చప్పుడు గుర్తున్నాయా? మా పక్క గదిలో రూతమ్మత్త ఉండేది. మా గల్లీలో చర్చికి పోయేది వాళ్లింట్లోవాళ్లే. ఒకరోజు ఆడుతూ ఆడుతూ అమ్మ ఇత్తడి చెంబును నేనే మురుగు మోరీలో పడేశాను. భయంతో ఆ సంగతి దాచాను. చెంబు కనబడక అమ్మ పోయి అందరి ముందూ అత్తను "నువ్వే తీసినవ్" అని అరిచింది. అత్త తలొంచుకుని తన గదిలోకి పోయింది.

మర్నాడు ఆమె నా తల నిమిరి, "సమాధానంగ ఉన్నవా బిడ్డా?" అంది. చెంబు సంగతికి జవాబు చెప్పమంటోందనుకుని "నాకేం తెల్వదు" అని పరుగెత్తాను. ఆ నెలలోనే వాళ్లు గది ఖాళీ చేశారు.

చర్చికి పోయేవాళ్ల మాటల్లో సమాధానమంటే దేవుడిచ్చే శాంతి అని, నింద పడ్డా అది చెదరదని పెద్దయ్యాక మిల్లులో ఒక తోటి కార్మికుడు చెప్పాడు. దొంగ అనిపించుకున్న మనిషి, నా మనసు నిమ్మళంగా ఉందా అని అడిగిందన్నమాట.

ఆ రోజే ఇంటికి పోయి అమ్మకు నిజం చెప్పాను. "అయ్యో, ఎంత మాటంటిని" అని ఏడ్చింది. రూతమ్మత్త ఎటు పోయిందో నేనడిగినవాళ్లెవరికీ తెలియదు.