మా తాత పంచిన ఎండుదిబ్బ

మొన్న రాజాంలో, నేను చరిత్ర చెప్పే కాలేజీ స్టాఫ్ రూములో ఎవరో క్యారేజీ మూత తీశారు. ఎండు నెత్తళ్ళు, వంకాయ, చింతపండు పులుసు. నలుగురు మర్యాదస్తులు లేచి కిటికీలు తెరిచారు, ఒకాయన ఫ్యాను వేగం పెంచాడు, నేను మాత్రం ఆ వాసన బయటికి పోకముందే వీలైనంత పీల్చుకుని, తర్వాతి గంట క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియకుండా చెప్పి వచ్చాను. పిల్లలు తేడా గమనించలేదు.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే మా వాడ. ఇళ్ళకూ అలలకూ మధ్య పొడుగ్గా ఒక ఇసుక నేల ఉండేది, దాన్ని ఎండుదిబ్బ అనేవాళ్ళం. చలికాలం పొద్దున్నే నావలు ఒడ్డెక్కితే నెత్తళ్ళు వెండి రజను పోసినట్టు దిబ్బ నిండా పరుచుకునేవి. ఎండాకాలం సావిడాయి చేపలు తాళ్ళ మీద రిబ్బన్లలా వేలాడి, గాలి తిరిగినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. గంగమ్మ పండక్కి వాడంతా కలిసి దిబ్బను ఊడ్చి, అక్కడే పొయ్యిలు పెట్టి, బూరెలు వేయించి, ఇసుకతో సహా తినేవాళ్ళం. కాకుల్ని తోలడం ఆడపిల్లల ఉద్యోగం. మేం గవ్వలతో అష్టాచెమ్మా ఆడుకుంటూ, కాకి చేపనెత్తుకుని పోయాక లేచి, చాలా శ్రద్ధగా "హుష్" అనేవాళ్ళం.

ఆ దిబ్బ మీద ఎవరికీ సొంత జాగా లేదు, కాబట్టి అందరికీ ఉండేది. తడిచేప ముందు తెచ్చినవాళ్ళది ఆ పూటకు ఆ చోటు, ఎండాక ఎత్తేయాలి. కట్టుబాటు ఒక్కటే: వేటకు వెళ్ళే మగదిక్కు లేని ఇంటికి ఎత్తున, గాలి తగిలే చోటు వదిలిపెట్టాలి. మా రోజుల్లో ఆ చోటు దానమ్మత్తది. మొగుడు తుఫానులో పోయాక ఆమె ఒడ్డున చేప కొని, ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. ఎవరైనా పొరపాటున అక్కడ గంప దించితే, "ఏటిరా, కళ్ళు నెత్తికెక్కినాయా? నా మొగుడు గాని బతికొచ్చినాడేటి, నా జాగాలో దిగినావు?" అనేది, నవ్వుతూనే. గంప మాత్రం వెంటనే లేచిపోయేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా పట్నం నుంచి జీపులో ఒకాయన ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మా తాత వాడకు కులపెద్ద. దిబ్బ మొత్తం మా తాతకు తాత పేరున ఉందనీ, వారసులుగా మేం అమ్మితే తాను కొంటాననీ ఆయన చెప్పాడు. సంగతేమంటే, తెల్లదొరల కాలంలో గొలుసులు పట్టుకుని కొలతలకొచ్చిన సర్వేవాళ్ళు ఈ నేల ఎవరిదని అడిగారట. పెద్దమనిషి నిలబడి ఉండగా చిన్నవాళ్ళు తమ పేరు చెప్పుకోవడం మా వాళ్ళలో తప్పు. అందరూ కలిసి అప్పటి కులపెద్దను చూపించారు, మర్యాదకు. దొరలు ఆ మర్యాదను రిజిస్టరులో రాసుకుని వెళ్ళిపోయారు. అలా మేం భూస్వాములమయ్యాం. ఇంట్లో చూస్తే మాత్రం అందుకు మరే ఆధారమూ దొరికేది కాదు.

"అది మాది కాదు బాబూ, వాడది," అన్నాడు తాత.

"కాగితం మీదే అంటోంది కదా."

"కాయితానికేటి తెలుసు? అదెప్పుడైనా సేప ఎండబెట్టినాదేటి?"

జీపు వెళ్ళిపోయింది గానీ తాతకు నిద్ర పట్టలేదు. తాను అమ్మడు సరే, తన తర్వాత కొడుకులో మనవలో అమ్మితే? వాడ పేరునే దిబ్బను రాయించాలని, బోర్డులు చదవడానికి నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి అధికారి నిజంగా మంచివాడు. ఖాళీ పట్టా ఫారం చూపించి, "ఇక్కడ తండ్రి పేరని గడి ఉంది తాతా, మీ వాడకు తండ్రి పేరేం వెయ్యమంటావు?" అన్నాడు. తాత చాలాసేపు ఆలోచించాడు. "తల్లున్నాది బాబూ, గంగమ్మ. తల్లి పేరు సాలదా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నవ్వయ్యాక ఆ అధికారే ఉపాయం చెప్పాడు: ఇంటికో ముక్క చొప్పున పంచేసి, ఎవరి పట్టా వాళ్ళకు ఇప్పించెయ్. ఏ ఒక్కడూ మొత్తం అమ్మలేడు.

తాత ఆ సంతోషంలో తిరుగు ప్రయాణమంతా బస్సులో నిలబడే వచ్చాడు. ముక్కలు గీశారు. చీటీలు నాచేత తీయించారు, ఆడగుంట సెయ్యి మంచిదని. నా మంచి చెయ్యి దానమ్మత్తకు దక్షిణం కొసన పల్లం తీసింది, పున్నమికీ అమాసకీ నీరెక్కే చోటు. తాత తన ముక్క ఇస్తానన్నాడు గానీ మాదీ ఆ పక్కనే, నాలుగు వేళ్ళు ఎత్తు, అంతే. ఎత్తున చీటీ వచ్చినవాళ్ళను మార్చుకోమని అడిగితే, "అది నా ముక్క మావా," అన్నారు. మా వాడలో దిబ్బను గురించి ఆ మాట అనగా వినడం నాకదే మొదటిసారి.

దానమ్మత్త రెండు వానాకాలాలు చూసింది. మూడో ఏడు తన ముక్కను జీపు ఆయనకు అమ్మేసింది. తాత ఆమె వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను ఆయన వెనకాలే ఉన్నాను.

"ఏటే దానమ్మా, ఇలగ సేసినావు?"

ఆమె చేట పక్కన పెట్టింది. "మరేటి సెయ్యమంటావు మావా? కట్టుబాటు నాకు గాలిచ్చినాది. నీ కాయితం పల్లమిచ్చినాది. పల్లంలో సేప ఎండదు, కుళ్ళతాది. కుళ్ళేదాన్ని అమ్మీసినాను." పీట వాల్చి, "నీ మీద కోపం నేదు. కూకో, గంజి తాగెల్లు," అంది.

తాత కూర్చున్నాడు. గంజి తాగాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే అమ్మారు. పెళ్ళికొకరు, జబ్బుకొకరు, పక్కముక్క చుట్టూ కంచె పడి సముద్రానికి దారి పోయిందని మరొకరు. ఒక్కడే మొత్తం అమ్మే ప్రమాదాన్ని తాత నిజంగానే తప్పించాడు.

చాలా ఏళ్ళకు, విశాఖలో ఎం.ఏ. చదువుతుండగా, న్యూజిలాండు దీవుల్లోని మావోరీల గురించి చదివాను. తెగంతా కలిసి అనుభవించే నేలకు తెల్లవాళ్ళు కోర్టు పెట్టి, పదిమందికి మించకుండా పేర్లు చెప్పమన్నారట. వీళ్ళు పెద్దల పేర్లు చెప్పారు. చెప్పిన పేర్లు యజమానులయ్యాయి, చెప్పని జనం ఎవరూ కాకుండా పోయారు. తర్వాత తప్పు దిద్దుతామని అందరికీ వాటాలు రాశారు, వాటా ఉన్న ప్రతివాడి గుమ్మంలోకీ కొనేవాడొచ్చాడు. ఆ జడ్జీలు మా సముద్రాన్ని ఎన్నడూ చూసి ఉండరు. మా ఊరి కథ మాత్రం వాళ్ళకు మాకన్నా ముందే తెలుసు. తాతకు చెబుదామంటే, ఆయన అప్పటికే లేడు.

ఇప్పుడక్కడ రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ ఉంది, నీలం రంగు ప్రహరీగోడతో. వాడలో మిగిలిన ఆడవాళ్ళు తారురోడ్డు అంచున చేపలు ఎండేసుకుంటారు, లారీ హారను కొడితే కాళ్ళు వెనక్కి లాక్కుంటారు. ఎండుదిబ్బ అంటే ఈ తరం పిల్లలకు ఆటో ఆగే చోటు. తాత తన ముక్క అమ్మలేదు, నాన్నా అమ్మలేదు, అది నా పేరుకు మారి ప్రహరీ లోపల క్షేమంగా ఉంది. పట్టా నకలు చూపిస్తే కాపలా అతను గేటు తీస్తాడు, నన్ను మేడమ్ అంటాడు.

పోయిన నెల వెళ్ళి నా నేల మీద నిలబడ్డాను. రెండు చీరలు పరిచినంత ఉంటుంది. అది నాదే, ఎవరూ కాదనరు. తడిసిన వల ఒకటి ఆరబెట్టాలన్నా చుట్టుపక్కల పది ముక్కల నేల కావాలి, కొసలు పట్టి లాగడానికి ఆరుగురు మనుషులు కావాలి. కాసేపు చూసి, చేసేదేమీ కనిపించక వచ్చేశాను.