పగులు ఎక్కడ రావాలి?

2023 ఎండాకాలం. తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టున్న సత్యనారాయణ గారి ఇంటికి, పోర్టికో నుంచి గేటు దాకా కాంక్రీట్ డ్రైవ్‌వే వేయించే పని నాకు వచ్చింది. నాది ఏలూరు. సివిల్ ఇంజనీర్‌గా ఇంతకంటే చాలా పెద్ద పనులే చేయించాను. కానీ ఎవరైనా నా పని గురించి కుతూహలంగా అడిగితే ముందు నోటికి వచ్చేది ఈ చిన్న పనే.

వాళ్ళ అమ్మాయి లావణ్య వీల్‌చైర్‌లో తిరుగుతుంది, బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. పాత సిమెంటు బాట అడ్డదిడ్డంగా పగిలి, ఒకచోట అంచు పైకి లేచింది. దానికి ముందు చక్రం తట్టుకుని ఆమె బోర్లా పడిందట. అప్పటినుంచి రోజూ వాళ్ళ నాన్నే ఆటో దాకా తోసుకెళ్ళి, ఆ తరవాత కొట్టు తెరిచేవారు.

"మళ్ళీ నేనొక్కదాన్నే గేటు దాకా వెళ్ళాలండీ. నాక్కావాల్సింది అంతే," అంది లావణ్య మొదటిరోజే.

ఈసారి కింద గ్రావెల్ పోసి గట్టిగా దిమ్మిస కొట్టించాం. మధ్యాహ్నం కాంక్రీట్ పని ముగించి, "రేపు పొద్దున మెషిన్‌తో అడ్డంగా మూడు గీతలు కోస్తామండీ. కంట్రోల్ జాయింట్లంటారు," అన్నాను. సత్యనారాయణ గారి మొహం మాడిపోయింది.

"పగుళ్ళుండకూడదనే కదండీ కొత్తది వేయించింది? మీరే కోసేస్తానంటారేంటండీ! ఒక్క గీత కూడా వద్దు."

కాంక్రీట్ ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. కింద నేల దాన్ని కదలనివ్వదు. ఆ లాగుడుకి ఎక్కడో ఒకచోట పగులుతుంది. మందంలో పావు వంతు కోసి ఉంచితే, పగులు ఆ గీత అడుగునే తిన్నగా వస్తుంది. ఎంత చెప్పినా ఆయన వినలేదు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు కోయకపోతే పగులు తన దారి తనే చూసుకుంటుంది, పడేది మళ్ళీ ఆ అమ్మాయే.

పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను. ఆయన ఎవరికో లైనింగ్ గుడ్డ కొలుస్తున్నారు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపారు. గుడ్డ తిన్నగా చిరిగింది.

"గాటు పెట్టకుండా చింపండి చూద్దాం," అన్నాను.

"ఎటు పోద్దో ఎవరు చెప్తారండీ..." అంటూనే ఆగిపోయారు. కత్తెర బల్ల మీద పెట్టి నవ్వారు. "అదేనంటారా మీరు నిన్నట్నుంచీ చెప్పేది?"

"అదేనండీ."

"అయితే అమ్మాయిని కూడా అడగండి. తిరిగేది తను కదా."

ఆరోజు సెలవు కాబట్టి లావణ్య ఇంట్లోనే ఉంది. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "గీత వెడల్పెంతండీ? నా ముందు చక్రం అందులో దిగబడదు కదా?"

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను లోతు గురించే ఆలోచించాను. కోసే బ్లేడు తెప్పించి ఆమె చక్రం పక్కన పెట్టాం. మూడు మిల్లీమీటర్ల బ్లేడు కంటే ఆ చక్రం ఎంతో మందంగా ఉంది.

"అయితే కోయండి. కానీ పగులు అందులోనే వచ్చిందని తెలిసేదెలాగండీ?"

"టార్చి వేసి గీత అడుగున చూడాలమ్మా," అన్నాను. వెంటనే మెషిన్ పెట్టించాను.

అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా కొలతలకి టేపు తీసేముందు, "దీని మీద ఎవరు తిరుగుతారండీ?" అని అడుగుతున్నాను. ఆ అలవాటు లావణ్య చేసిందే.

కొన్ని వారాల తరవాత ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"పగిలిందండీ! మధ్య గీత అడుగున, వెంట్రుకంత. పైనెక్కడా లేదు!"

పగిలిందని ఇంత సంతోషంగా నాకు ఫోన్ చేసినవాళ్ళు మరొకరు లేరు. నేనూ ఆనందం పట్టలేకపోయాను. "నాన్నగారికి చూపించావా అమ్మా?"

"ఇంకా లేదండీ. ఆయన లోపల కాఫీ తాగుతున్నారు. నేను గేటు దగ్గరున్నాను, ఆటో వచ్చేసింది."