ఈత రాని మేడమ్

ఉదయం ఆరూ నలభైకి సికింద్రాబాద్ నుంచి మా సైనిక వైద్య బృందం వరదలో ఉన్న విజయవాడ చేరింది. సన్నగా వాన. మాకు అప్పగించిన కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్లు కనబడట్లేదు, బురదనీళ్లే. మాకిచ్చింది ఒక రబ్బరు పడవ, వైర్‌లెస్ సెట్టు, మందుల పెట్టె. ఆర్డరు: గర్భిణులు, రోగులు ముందు.

సైన్యంలో నర్సింగ్ ఆఫీసరుగా అది నా ఆఖరి ఏడాది. పుట్టింది కంకిపాడులో. ఏడేళ్లప్పుడు అక్కడి కాలువలో మునిగాను. అప్పట్నుంచీ నీళ్లంటే భయం. సర్వీసంతా దాచాను. ఏటా గుణదల కొండెక్కి, ఈ భయం తీసెయ్యమని మరియమాతను అడిగేదాన్ని. అడగడమేమిటి, పోట్లాడేదాన్ని.

పదకొండూ ఇరవైకి ఒక ఇంటి మెట్ల దగ్గర ఆగాం. నెలలు నిండిన అమ్మాయి, మెట్ల గ్రిల్ పట్టుకుని నిలబడింది. పడవలోంచే బీపీ చూశాను. నూట డెబ్బై, నూట పది. చూపు మసకగా ఉందంది. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. ఇద్దరూ దక్కరు.

"నేనెక్కనండీ. మునిగిపోద్ది."

"ఏం మునగదు! మొండికేస్తే బిడ్డ దక్కదు, ఎక్కు!"

గ్రిల్ ఇంకా బిగించి పట్టుకుంది.

"అరిస్తే ఎక్కుద్దా మేడమ్?" అన్నాడు పడవ నడిపే హవల్దార్.

"నీ పని నువ్వు చూస్కో" అని, ఆమెను లాక్కొద్దామని మెట్టు మీద కాలేశాను. ఒండ్రు. జారి మెడలోతు నీళ్లలో పడ్డాను. లైఫ్ జాకెట్ ఉంది. అయినా "మరియమ్మ తల్లీ!" అని వీధంతా వినబడేలా కేకపెట్టాను.

ఆ అమ్మాయి గ్రిల్ వదిలేసి నా మణికట్టు పట్టుకుంది.

"ఈత రాదాండీ మీకు?"

"రాదు."

"భయమా?"

"చచ్చేంత."

"మరెందుకొచ్చారండీ?"

"నీకోసమే. ఒక్కదాన్నే ఎక్కలేను, చెయ్యి వదలకు."

నవ్వింది. "సరే, పదండి."

హవల్దార్ ఇద్దర్నీ ఎక్కించాడు. వైర్‌లెస్‌లో అడిగారు: "పేషెంట్లు ఎంతమంది? ఓవర్."

"ఇద్దరండీ. ఒకరికి బీపీ, ఒకరికి భయం. ఓవర్."

దారంతా ఆమే నాకు ధైర్యం చెప్పింది. మధ్యాహ్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

తొమ్మిదో రోజు సికింద్రాబాద్ తిరిగొచ్చాం. ఆ ఆదివారం ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో నేను ఒప్పుకున్నది నా భయం గురించి కాదు, దాన్ని దాచిన గర్వం గురించి.

ఇప్పుడు మీరంతా మన చర్చిలో మైకు పట్టుకుని నా ధైర్యాన్ని పొగుడుతున్నారు. ఆపండి. నేను ధైర్యంగా అరిచిన మాట ఆ అమ్మాయి వినలేదు. దేవుడు వాడుకున్నది, నేను తీసెయ్యమని పోట్లాడిన ఆ భయాన్నే. నా మాట వినకుండా దాన్ని ఉంచినందుకు, ఇప్పుడు కొండెక్కేది దండం పెట్టడానికే.

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ అదే. తడిసిన ఇనుప గ్రిల్ మీంచి ఒక్కో వేలూ వీడి, ఎర్ర మట్టిగాజుల చెయ్యి నావైపు రావడం.