మచ్చ లేని రోజు

సూర్యుణ్ణి ఫొటో తీయడం మా ఇంట్లో ఇద్దరి పని. ఊరుకాని ఊరు నవాగామ్‌లో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద మా ఆవిడ నల్ల దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేది. ఆ ఎండలో దుప్పటి లేకపోతే తెర కనిపించదు. నేను టెలిస్కోపు దగ్గర నిలబడి, లోపలినుంచి ఆవిడ చెప్పినట్టు నాబ్ తిప్పేవాణ్ణి. తిప్పుతూ ఉండకపోతే సూర్యుడు తెర మీద నిలవడు.

కరోనా రెండో వేవ్ మొదలైనప్పుడు సూర్యుడి మీద ఒక పెద్ద మచ్చ కనిపించింది. రోజూ కొంచెం కొంచెం జరిగి, అంచు దాటి అవతలికి పోయింది. సూర్యుడు కూడా తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, చెదిరిపోకుండా ఉంటే రెండు వారాలకు రెండో అంచున మళ్లీ వస్తుందని ఆవిడ చెప్పింది. రాగానే తీద్దామంది. ఆ వారంలోనే ఆసుపత్రిలో చేరింది. తిరిగి రాలేదు.

మచ్చ రావలసిన రోజున ఒక్కణ్ణే డాబా ఎక్కాను. నాకు ఆ ఫొటో కావాలి. ఫిల్టర్ బిగించి, నాబ్ తిప్పి, దుప్పటిలో దూరేసరికి తెర ఖాళీ. లేచి మళ్లీ తిప్పాను. మళ్లీ ఖాళీ. చాలాసేపు అదే పని. ఒకసారి దుప్పటిలోంచే "కొంచెం ఎడమకి" అన్నాను.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ సారూ?"

పక్క డాబా మీద మగ్గాల కార్మికుడు, నిజామాబాద్ వైపు మనిషి, ఖటోదరా మిల్లులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి బట్టలు ఆరేస్తున్నాడు. సంగతి చెప్పాను. గడ్డం కింది మాస్కు పైకి లాక్కుని పిట్టగోడ దాటి వచ్చాడు. ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరూ రావడం లేదు.

అతను నాబ్ పట్టుకున్నాడు, నేను దుప్పటిలో దూరాను. మొదట గట్టిగా తిప్పాడు. సూర్యుడు తెర దాటి పోయాడు. మెల్లగా అన్నాను.

"గంత పెద్ద సూర్యునికి గింత నాజూకా," అని గొణిగి, మెల్లగా తిప్పాడు.

ఈసారి సూర్యుడు నిలిచాడు. అంచు వెంట రెండుసార్లు వెతికాను. మచ్చ లేదు. ఫొటో తీశాను.

"దొరికిందా?"

"లేదు."

"రేపు మల్ల చూద్దాం తీ. గీ టైంకే వస్త," అని గోడ దాటి పడుకోవడానికి పోయాడు.

మచ్చలు లేని రోజు ఫొటోలను ఆవిడ చెరిపేది కాదు. లేదని తెలియడానికి కూడా ఫొటో ఉండాలనేది. చెరపబోయి ఆగాను. తేదీ వేసి ఆవిడ ఫొటోల పక్కన ఉంచాను.