ఉప్పునీటికో దారి

విజయవాడలో మా వంటింటి ఫిల్టర్ గొట్టం నుంచి బకెట్‌లోకి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతుంటే ఒక్కోరోజు చేస్తున్న పని ఆపి వింటాను. వడపోత వదిలేసిన నీళ్ళవి. ఆ చప్పుడుకు మా సరస్వతి టీచర్ గారు గుర్తొస్తారు. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే మా ఊళ్ళో ఆవిడ లెక్కలు చెప్పేవారు.

మా ఊళ్ళో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళ కోసం పొద్దున్నే బిందెలతో కాలువ దాకా వెళ్ళేది ఆడపిల్లలమే. తిరిగొచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. అదేమో లెక్కల పీరియడ్. పిల్లల్ని తిట్టి ఏం లాభమని టీచర్ గారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి బోరునీళ్ళను వడపోసే ప్లాంటు వచ్చింది. గంట కొట్టకముందే బడికెళ్ళి కూర్చోవడం మాకు కొత్త. నాకు లెక్కలు అర్థం కావడం మొదలైందీ అప్పుడే.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. ప్లాంటు వెనక సుబ్బమ్మ కౌలుకు చేసే చేను ఉండేది. వడపోతలో మిగిలిన ఉప్పునీళ్ళన్నీ దాంట్లోకే పోయి నారుమడి మాడిపోయింది. టీచర్ గారు వెళ్ళి చూసొచ్చి, మురుగుకాలువ దాకా పైపు వేసేవరకు ప్లాంటు ఆపమన్నారు. ఊరంతా ఆవిడ మీద విరుచుకుపడింది.

"తెచ్చిందీ మీరే, ఆపేదీ మీరేనా టీచర్ గారూ? ఒక్క మడి కోసం ఊరంతటికీ శిక్షా?" అన్నాడు మా నాన్న.

నాకూ కోపం వచ్చింది. ఏడుపు ఆపుకోలేక, "మళ్ళీ నా లెక్కలు పోతాయండీ" అన్నాను.

ఆవిడ కసురుకోలేదు. "నీ చదువూ పోకూడదు, సుబ్బమ్మ తిండీ పోకూడదు. రేపు నేనూ వస్తాలేవే" అన్నారు.

అన్నట్టే చెంగు దోపుకుని, చంకన బిందెతో వచ్చారు. కాలువ గట్టు మీద నడుస్తూ మాకు శాతాలు చెప్పారు. నా బిందె తొణికితే, "నీ ఒంటి మీద ఎంత శాతం పోసుకున్నావే?" అని నవ్వించారు. పైపు పడేదాకా ఒక్కరోజూ మానలేదు. ఆవిణ్ణి అలా చూసి సిగ్గేసిందో ఏమో, మా నాన్న పలుగు పట్టుకుని పైపు కోసం గాడి తవ్వడానికి వెళ్ళాడు. ఆయన వెంట మరికొందరు కదిలారు. ప్లాంటు మళ్ళీ మొదలైన రోజు మొదటి బిందె సుబ్బమ్మకే పట్టారు. ఆమె దోసిట్లో పోసుకుని తాగి, "ఇప్పుడు బాగున్నాయండీ" అంది. నేను అంతగా ప్రేమించిన టీచరు మరొకరు తారసపడలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఇలాంటి ప్లాంట్లను తనిఖీ చేయడమే. మొన్న బందరు వైపు ఒక ఊళ్ళో కొబ్బరికాయ కొట్టి, నాకు కుర్చీ వేసి, కొత్త మిషన్ చూపించబోయారు. నేను గోడ పక్కనుంచి వెనక్కి నడిచాను.

"మేడమ్ గారూ, మిషన్ ఇటుందండీ!" అంటూ ఆపరేటర్ పరిగెత్తుకొచ్చాడు.

"చూస్తానండీ. ముందు ఈ వెనక చేను ఎవరిదో చెప్పండి" అన్నాను.